శిలాజాలు చదువుదాం – 3వ పాఠం: నత్తగుల్ల, సాలగ్రామం

మొదటి పాఠంలో సీసాలో ఇసుక, ఒండ్రుమట్టి, నీళ్లు పోసి పొరలు ఎలా పేరుకుంటాయో చూశాం. రెండో పాఠంలో రావి ఆకును మెత్తటి మట్టిలో నొక్కి ఈనెల అచ్చు తీశాం. ఈ పాఠం ఒక్కరోజులో అవదు, మూడు నాలుగు రోజులు పడుతుంది. ఐదో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలతో చేయించవచ్చు. అంతకన్నా చిన్నవాళ్లు పక్కన కూర్చుని చూసినా చాలు.

కావలసినవి ముందే సమకూర్చుకోండి. ఖాళీ నత్తగుల్లలు ఏడెనిమిది, బంకమట్టి, పావుకిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్, రెండు కొవ్వొత్తులు, తెల్ల వెనిగర్ సీసా ఒకటి, కొబ్బరినూనె, నిమ్మకాయ, సముద్రఫేనం ముక్క ఒకటి. సముద్రఫేనం ఆయుర్వేద మూలికలు అమ్మే దుకాణంలో అడగండి. అక్కడ లేకపోతే పక్షులు అమ్మే షాపులో చూడండి, లవ్ బర్డ్స్ పంజరంలో పెట్టే తెల్లటి ముక్క అదే. నత్తగుల్లలు వరి మళ్ల గట్ల మీద, చెరువు అంచున దొరుకుతాయి. పట్నంలో ఉన్నవాళ్లు వానాకాలంలో పూలకుండీల చుట్టూ వెతకండి. బతికున్న నత్త కనిపిస్తే ఒకదాన్ని కూడా తెచ్చుకుని, పని కాగానే తెచ్చిన చోటే వదిలేయండి. నత్తను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మాత్రం తప్పనిసరి. కొన్ని నత్తల్లో మనకు జబ్బు చేసే పరాన్నజీవులు ఉంటాయి.

బతికున్న నత్తతోనే ఎందుకు మొదలుపెట్టాలో చెబుతాను. నేను చదువుకున్న బడిలో శిలాజం అంటే ‘రాయిగా మారిన జీవి’ అని నోట్స్ రాయించారు. ఏళ్లపాటు అదే నిజమనుకున్నాను. బతికినప్పుడు ఆ జీవిలో ఏమేం ఉండేవో, రాయి దాకా వచ్చేసరికి ఏం మిగిలిందో పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ మాట ఎంత కురచదో తెలిసింది. ఇప్పుడు బజారులో ప్లాస్టర్ దిమ్మలో డైనోసార్ బొమ్మ పెట్టి, తవ్వుకోమని చిన్న సుత్తి ఇచ్చే డబ్బాలు దొరుకుతున్నాయి. పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ తవ్వాక దేనితో పోల్చాలో అందులో చెప్పరు. నా లెక్కలో అసలు చదువు ఆ పోల్చడమే.

నత్తను ఒక గాజుపలక మీద వదిలి, పలకను పైకెత్తి కిందనుంచి చూడమనండి. నత్త పాదం మీద సన్నటి అలలు తోకవైపు నుంచి తలవైపు పాకుతుంటాయి. అది నడిచేది అలాగే. నేలమీద తిరిగే నత్త అయితే పొడుగాటి కొమ్ముల కొసన కళ్లుంటాయి. చెరువు నత్తకైతే కొమ్ముల మొదట్లో ఉంటాయి. పది నిమిషాలు బొమ్మ గీయనివ్వండి. బొమ్మ అయ్యాక కాగితం మధ్యలో గీత కొట్టి ఒకవైపు ‘పోయేవి’, రెండోవైపు ‘మిగిలేవి’ అని రాయించండి. నత్త చచ్చి బురదలో పడితే దాని పాదం, కొమ్ములు, కళ్లు, జిగురు దారి అన్నీ పోయేవాటిలోకి వెళతాయి. మిగిలేది గుల్ల ఒక్కటే.

అదైనా శాశ్వతంగా ఉంటుందా? ఒక గుల్లను చితక్కొట్టి, పెంకు ముక్క మీద నిమ్మరసం వేయండి. సన్నగా బుడగలు వస్తాయి, చెవి దగ్గర పెట్టుకుంటే చుయ్యిమన్న చప్పుడు కూడా వినపడుతుంది. గుల్లలో ఉన్నది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే. పులుపు తగిలితే కరుగుతుంది. నేలలో ఇంకే వాననీటిలోనూ కొంచెం ఆమ్లగుణం ఉంటుంది. నిమ్మరసం నిమిషంలో చేసిన పనిని ఆ నీళ్లు వేల ఏళ్లు తీసుకుని చేస్తాయి. ఈ ఒక్క సంగతి పిల్లలకు పట్టుబడితే మిగతా పాఠం సులువు.

ఇప్పుడు అచ్చు తీద్దాం. అరచేయంత బంకమట్టి ముద్దను దిబ్బరొట్టె మందాన ఒత్తండి. గుల్లకు కొబ్బరినూనె రాసి, సగం దాకా మట్టిలో నొక్కి, కదలకుండా నిట్టనిలువుగా పైకి తీయండి. మట్టిలో మిగిలిన గుంట అచ్చు. ప్లాస్టర్ రెండు వంతులు, నీళ్లు ఒక వంతు. నీళ్లలోనే పొడి పోస్తూ కలపాలి, పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. దాన్ని అచ్చులో పోసి అరగంట వదిలేయండి. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుంది, కాబట్టి పిల్లల్ని అందులో వేళ్లు పెట్టనివ్వకండి. మిగిలినది సింకులో పారబోయకండి, గొట్టం పూడిపోతుంది. గట్టిపడ్డాక మట్టి ఊడదీస్తే వచ్చేదే పోత. కంచు విగ్రహం పోసేవాళ్లు అనే పోతే ఇదీ.

గుల్ల, అచ్చు, పోత మూడూ వరసగా పెట్టించండి. గుల్ల మీద ఉబ్బెత్తుగా ఉన్న గీత అచ్చులో లోతుగా ఉంటుంది, పోతలో మళ్లీ ఉబ్బుతుంది. కళ్లు మూసుకుని వేలితో తడిమి ఏది ఏదో చెప్పమనండి. నేలలో జరిగేదీ ఇదే వరస. గుల్ల చుట్టూ బురద గట్టిపడుతుంది. తర్వాత నీళ్లు గుల్లను కరిగించి తీసుకుపోతాయి, దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి ఖనిజాలున్న నీళ్లు ఊరి, ఖనిజం పేరుకుంటే పోత తయారవుతుంది. ఆ పోతలో నత్త ఒంట్లోది రవ్వంత కూడా లేదు. అయినా అది శిలాజమే. అసలు పోత కూడా లేకుండా ఉత్త గుంట మిగిలినా శిలాజమే. ‘రాయిగా మారిన జీవి’ అన్న మాట ఇక్కడ చాలదు.

ఇంకో రకం అచ్చు ఉంది, నాకు చాలా ఇష్టమైనది. గుల్ల నోరు పైకి ఉండేలా మట్టిలో నిలబెట్టండి. పెద్దవాళ్లు ఎవరైనా మైనాన్ని గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్లలో ఉంచి కరిగించి గుల్లలో నింపండి. చల్లారాక గుల్లను గాజు గ్లాసులో పెట్టి మునిగేదాకా వెనిగర్ పోయండి. బుడగలు పోవాలి కాబట్టి మూత బిగించవద్దు. రోజూ వెనిగర్ మార్చండి. గుల్ల మందాన్ని బట్టి రెండు మూడు రోజుల్లో పెంకంతా కరిగి, మెలి తిరిగిన మైనం కాడ బయటపడుతుంది. అది గుల్ల బయటి రూపం కాదు, లోపల నత్త కాపురమున్న గది రూపం. గుల్ల మీది గీతలేవీ దాని మీద ఉండవు, నున్నగా ఉంటుంది. కొసదాకా మైనం వెళ్లకపోతే కంగారు పడకండి, అక్కడ గాలి చిక్కుకుంది. ఆ మైనం కాడను జాగ్రత్తగా దాచండి, కాసేపట్లో దానితో పని ఉంది.

వెనిగర్ తన పని తాను చేసుకుంటుండగా సాలగ్రామం దగ్గరికి వెళదాం.

మా అత్తగారి పూజామందిరంలో రాగిపళ్లెంలో ఒక సాలగ్రామం ఉంది. వాళ్ల నాన్నగారు నేపాల్‌లోని ముక్తినాథ్ యాత్ర నుంచి తెచ్చినది. పిల్లలకు చూపిస్తారా అని అడిగితే, “చూపిస్తానమ్మా, స్నానం చేసి రమ్మను” అన్నారు. నిమ్మకాయంత నల్లటి రాయి, చేతిలో చల్లగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఒకవైపు చిన్న రంధ్రం, దాన్నే వదనం అంటారు. మా అమ్మాయి సెల్‌ఫోన్ లైటు వదనంలోకి కొట్టి ఒక కన్ను మూసి చూసింది. లోపలి గోడ మీద చక్రంలా చుట్టుకున్న గీతలు, గీతకూ గీతకూ మధ్య ఒకే ఎడం. “నానమ్మా, ఇది నత్తా?” అంది. “వజ్రకీటం దొలిచిందని మా పెద్దవాళ్లు చెప్పేవారే” అన్నారు ఆవిడ. నాకు ఆ మాట చాలా నచ్చింది. ఆ రాయికీ ఒక ప్రాణికీ సంబంధం ఉందని మన పాతకథలోనూ ఉందన్నమాట.

నేపాల్‌లో కాళీ గండకి నది నుంచి వచ్చే ఈ రాళ్లలో కనిపించే చక్రం అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల అచ్చు. దాదాపు 15 కోట్ల ఏళ్ల నాటిది. లైటు వేసి మా అమ్మాయి చూసింది గుల్ల బయటి గీతలు నల్లబురద మీద వేసిన ముద్రనే, మన బంకమట్టి అచ్చు లాంటిదే. ఈ రాళ్లు ఉండల్లా ఎందుకుంటాయంటే, చచ్చిన జీవి బురదలో కుళ్లేటప్పుడు దాని చుట్టూ ఉన్న నీటి రసాయనం మారి, ఖనిజాలు అక్కడి బురదను ముందుగా బిగించేస్తాయి. చుట్టుపక్కల రాయి మెత్తగా పొరలు పొరలుగా రాలిపోయినా ఉండ మాత్రం నిలుస్తుంది. నదిలో పడి దొర్లి నునుపెక్కుతుంది. కొన్నింటిలో బంగారంలా తళుక్కుమనేది పైరైట్, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. పూజలో ఉన్న రాయిని గీకడం, నిమ్మరసం వేయడం లాంటివి చేయించకండి. మనకు చూపు చాలు.

సముద్రజీవి కొండల్లోకి ఎలా వచ్చిందని పిల్లలు వెంటనే అడుగుతారు. ముక్తినాథ్ సముద్రమట్టానికి 3,700 మీటర్ల పైన ఉంది. భారత భూభాగానికీ ఆసియాకూ మధ్య ఒకప్పుడు టెథిస్ అనే సముద్రం ఉండేది. మన నేల ఉత్తరంగా జరుగుతూ సుమారు 5 కోట్ల ఏళ్ల కింద ఆసియాను ఢీకొంది. నేలమీద పరిచిన దుప్పటిని రెండు చేతులతో ఎదురెదురుగా నెట్టి చూపించండి, మడతలు పైకి లేస్తాయి. ఆ సముద్రపు అడుగు బురదే మడతపడి హిమాలయాల్లోకి ఎక్కింది. ఎవరెస్ట్ శిఖరపు సున్నపురాయిలోనూ సముద్రజీవుల శిలాజాలున్నాయి.

ఇక మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు వద్దాం. అది నత్తా? చుట్ట చూస్తే నత్తలాగే ఉంది. పైగా మన చెరువుల్లోనే అమ్మోనైట్‌లా బల్లపరుపుగా చుట్టుకునే నత్తలూ ఉన్నాయి, అలాంటివాటినే అక్వేరియం షాపుల్లో రామ్స్‌హార్న్ అంటారు. కానీ పోలిక చూసి చుట్టరికం కట్టకూడదు. మైనం కాడను ఇప్పుడు చేతిలోకి తీసుకోండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా తెగలేదు కదా? నత్త గుల్లలో అడ్డుగోడలు లేవు, మొత్తం ఒకటే గది. అమ్మోనైట్ గుల్లను నిలువుగా కోస్తే వరసగా అడ్డుగోడలు కనిపిస్తాయి. జీవి ఉండేది చిట్టచివరి పెద్ద గదిలోనే. పెరిగేకొద్దీ ముందుకు జరిగి వెనక గోడ కట్టుకుంటుంది. వెనక గదుల్లో గాలి నిండి, నీటిలో తేలడానికి పనికొస్తుంది. గదులన్నిటి గుండా ఒక సన్నటి గొట్టం కూడా వెళుతుంది.

ఇలా గదులు కట్టుకునే జీవి ఒకటి ఇప్పటికీ బతికుంది. దాని పేరు నాటిలస్. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల లోతుల్లో ఉంటుంది. ఫొటో దొరికితే చూపించండి. అయితే దాని గొట్టం గోడల మధ్యలోంచి వెళుతుంది, అమ్మోనైట్ గొట్టం గుల్ల బయటి అంచు వెంట వెళుతుంది. గోడ గుల్లకు అతుక్కున్న చోట నాటిలస్‌కు సాదా వంపు గీత ఉంటే, చాలా అమ్మోనైట్లకు కొత్తిమీర ఆకు అంచులా మెలికలు మెలికల గీత ఉంటుంది. పోలికలతో పాటు తేడాలనూ ఇలా పక్కపక్కనే రాయించండి. పిల్లలు పోలికలు గబగబా చెప్పేస్తారు, తేడాల దగ్గర ఆగుతారు. అక్కడ మీరు అందివ్వకండి, ఆగనివ్వండి.

సముద్రఫేనం తెప్పించింది ఇందుకే. పేరులో నురుగు ఉన్నా అది నురుగు కాదు. స్క్విడ్‌కు దగ్గరి బంధువైన కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంటి లోపల ఉండే గుల్ల. బకెట్ నీళ్లలో వేయండి, తేలుతుంది. తీసి విరిచి, విరిగిన అంచును భూతద్దంతో చూడండి. కాగితాలు దొంతర పెట్టినట్టు సన్నటి అరలు, వాటి మధ్య బుల్లి స్తంభాలు. ఇవీ గాలి గదులే! చుట్ట లేదు, గుల్ల ఒంటి లోపలికి వెళ్లిపోయింది, అయినా గదులు కట్టే పని మానలేదు. అమ్మోనైట్లకు దగ్గరి చుట్టాలు స్క్విడ్, కటిల్‌ఫిష్, ఆక్టోపస్‌లు. అచ్చం అమ్మోనైట్లలాగే కనిపించే నాటిలస్ కాస్త దూరపు చుట్టం. నత్త ఇంకా దూరం. అమ్మోనైట్లు మాత్రం డైనోసార్లు పోయిన రోజుల్లోనే, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద, పూర్తిగా అంతరించాయి.

ఈ వారం ఇంటిపని. మొదట్లో నత్తకు గీసిన ‘పోయేవి – మిగిలేవి’ పట్టికనే అమ్మోనైట్‌కు కూడా రాయాలి. మిగిలిన వాటిని చూసి పోయిన వాటిని ఊహించాలి. ప్రతి ఊహ పక్కనా అది ఏ జీవిని చూసి అన్నారో రాయాలి. నత్త, నాటిలస్, కటిల్‌ఫిష్, ఏదైనా సరే. ఏ జీవి పేరూ రాయలేకపోతే ఆ ఊహ కొట్టేయాలి. మా అమ్మాయి ‘ఊదారంగు’ అని రాసింది, తర్వాత తనే కొట్టేసింది. ‘చేతులు ఉండేవి’ అన్నది ఉంచింది, పక్కన నాటిలస్, కటిల్‌ఫిష్ రెండూ రాసింది.

వచ్చే పాఠం ఎముకలది. కోడి కాలి ఎముకలు రెండు కడిగి ఎండబెట్టి ఉంచండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు వీలైతే ఈలోగా బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లి కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూసి రండి. తెలంగాణలోని యామనపల్లి దగ్గర తవ్వకాల్లో బయటపడ్డ ఎముకలవి. తవ్వకాల్లో దాని పుర్రె దొరకలేదు. మరి అక్కడ నిలబెట్టిన దానికి తల ఎక్కడిది, దేన్ని చూసి పెట్టి ఉంటారు? పిల్లల్ని దాని ముందు నిలబెట్టి ఈ ప్రశ్న అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని రండి. వచ్చే పాఠం దానితోనే మొదలుపెడదాం.