చిన్న కట్టర్‌తో స్టీల్ మిల్లింగ్: లోతు, స్పీడు ఎలా పెట్టుకోవాలి?

6 ఎంఎం లోపు ఎండ్ మిల్‌తో (కొసలోనూ పక్కల్లోనూ పళ్లుండి, తిరుగుతూ కోసే కట్టర్) స్టీల్ కోయాల్సి వస్తే, విరుగుతుందేమోనన్న టెన్షన్‌తో చాలామంది ముందు ఫీడ్ (కట్టర్ ముందుకు కోసుకుంటూ పోయే వేగం) తగ్గించేస్తారు. తగ్గించాల్సింది లోతండీ, ఫీడ్ కాదు. ఫీడ్ మరీ తగ్గితే కట్టర్ పన్ను లోపలికి దిగకుండా పైపైన రుద్దుతుంది, వేడెక్కి అంచు పోతుంది, ఆ మొద్దు అంచుతో ఇంకాస్త దూరం పోయాక అప్పుడు విరుగుతుంది. స్టెయిన్‌లెస్ అయితే రుద్దిన చోటల్లా గట్టిపడి మరీ మొండికేస్తుంది.

గుంటూరులో ఉన్నాం కాబట్టి కారం మిల్లు షాఫ్టే తీసుకుందాం. 20 ఎంఎం షాఫ్టు, ఈఎన్8 స్టీల్ (షాఫ్టులకు వాడే మామూలు రకం), 6 ఎంఎం కీవే (షాఫ్టు మీద పుల్లీ జారకుండా పట్టే కీ ముక్క కూర్చునే గాడి), షాఫ్టులో లోతు 3.5 ఎంఎం.

ముందు కట్టర్. గాడి 6 కదా అని 6 కట్టర్ పెట్టకండి, అది కాస్త ఊగినా గాడి వెడల్పై కీ లూజైపోతుంది. 5 ఎంఎం కార్బైడ్, నాలుగు పళ్లది పెట్టండి. డ్రిల్ చక్‌లో వద్దు, కొలెట్‌లోనే (కట్టర్‌ని చుట్టూ సమంగా పట్టే బిగింపు) బిగించి, బయటికి ఎంత తక్కువ వీలైతే అంతే వదలండి. బయటి పొడవు సగం చేస్తే కట్టర్ వంగడం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఇంత లాభం ఇంకెక్కడా రాదు. డయల్ ఇండికేటర్ పెట్టి కట్టర్ ఊపు కూడా చూడండి, పంటికి 0.02 ఎంఎం కోయాల్సిన చోట కట్టరే 0.02 ఊగుతుంటే పనంతా ఒకట్రెండు పళ్ల మీదే పడుతుంది.

ఇక ఆర్‌పీఎం. కటింగ్ స్పీడును (పంటి అంచు నిమిషానికి కదిలే మీటర్లు) 318తో గుణించి కట్టర్ సైజుతో భాగించండి. ఈఎన్8కి కార్బైడ్ అయితే నిమిషానికి 70 మీటర్లు, హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్ కట్టర్) అయితే 20 అనుకోండి: 5 ఎంఎంకి దాదాపు 4450, 1270 వస్తాయి. మీ మెషిన్ 3000 దగ్గరే ఆగిపోతుందా? ఏం పర్లేదు, ఫీడ్ లెక్క ఆ 3000తోనే కట్టండి.

3000 × 4 పళ్లు × 0.02 = నిమిషానికి 240 ఎంఎం. హ్యాండిల్ చుట్టుకు టేబుల్ 2 ఎంఎం జరిగే చిన్న మెషిన్ మీద అంటే సెకనుకు రెండు చుట్లు. చేత్తో అంత నిలకడగా తిప్పలేమనిపిస్తే ఆర్‌పీఎం 1500కి దించి, సెకనుకు ఒక చుట్టు తిప్పండి. పంటికి పడే కోత మారదు. ఆర్‌పీఎం అలాగే ఉంచి చెయ్యి మాత్రం నెమ్మది చేస్తేనే రుద్దుడు మొదలవుతుంది.

లోతు మెషిన్ బలాన్ని బట్టి. గాడి తీసేటప్పుడు కట్టర్ వెడల్పంతా కోతలోనే ఉంటుంది కాబట్టి, టేబుల్ మీద పెట్టుకునే చిన్న మెషిన్ అయితే పాస్‌కు (ఒక్క దఫా కోతకు) 0.5 చాలు, ఏడు పాస్‌లలో 3.5 అయిపోతుంది. ఆటోనగర్ షాపుల్లో ఉండే బరువైన మిల్లింగ్ మెషిన్ అయితే 1 వరకూ వెళ్లొచ్చు. నిలువుగా గుచ్చొద్దు, గాడి చివర్లో 4.5 డ్రిల్‌తో 3.5 దాటకుండా రంధ్రం వేసి అందులోంచి దిగండి.

గాడి ఇప్పుడు 5 వెడల్పే, 6 కావాలంటే రెండు గోడల్లోనూ 0.5 చొప్పున తీయాలి. ఈ గోడల దగ్గర లెక్క తిరగబడుతుంది. పక్కకి 0.4 మాత్రమే, లోతు మాత్రం మొత్తం 3.5 ఒకేసారి. కొలిచి, మిగిలిన 0.1 కీని బట్టి తీసుకోండి. స్క్రూల్లో లూజున్న పాత మెషిన్ అయితే కట్టర్ తిరిగే దిక్కుకు ఎదురుగానే టేబుల్ నడపండి, లేకపోతే కట్టరే జాబ్‌ని (కోస్తున్న ముక్కని) లాగేసుకుని ఒక్క దెబ్బకి విరుగుతుంది.

కోస్తున్నంతసేపూ గాడిలో రజను నిలవకూడదు, గాలి కొడుతూ ఉండండి, కళ్లద్దాలు తప్పనిసరి. కార్బైడ్ మీద కూలెంట్ ఆగి ఆగి పోయకండి, వేడి మీద చల్లదనం తగిలి అంచు పగుళ్లిస్తుంది. చిప్స్ కాస్త గోధుమ రంగుకో నీలానికో తిరిగితే కార్బైడ్‌కి ఫర్వాలేదు, హెచ్ఎస్ఎస్‌కి నీలం వస్తే ఆర్‌పీఎం తగ్గించాల్సిందే. పిండిలా రాలుతుంటే రుద్దుతున్నట్టే, ఫీడ్ పెంచండి. కీచుమని అరిస్తే ముందు ఆర్‌పీఎం, తర్వాత లోతు తగ్గించండి.

కీ పెట్టి చూసేముందు గాడి అంచుల మీద లేచిన బర్ (పదునైన లోహపు పొర) ఆకురాయితో తీసేయండి, అది ఉన్నంతసేపూ కీ టైటుగా ఉన్నట్టే అనిపిస్తుంది.