నేపాల్ అల్లర్ల వేళ ఫోనులో వచ్చే ఏ కబురును నమ్మాలి? సమస్య - పరిష్కారం

2025 సెప్టెంబరు 9న కాఠ్‌మాండూలో నేపాల్ ప్రభుత్వ ప్రధాన కార్యాలయాల భవనం సింహదర్బారు తగలబడుతున్న సమయానికి మన తెలుగు యాత్రికులు రెండు వందల మందికి పైగా నేపాల్‌లో ఉన్నారు. ఇక్కడ వాళ్ల ఇళ్లలో అందరికీ కావలసిన సమాచారం మూడే ముక్కలు: వాళ్లు దిగిన వీధి ప్రశాంతంగా ఉందా, కర్ఫ్యూ ఎప్పుడు సడలుతుంది, విమానాలు నడుస్తున్నాయా. ఫోన్లలోకి వచ్చి పడిందేమో మంటల వీడియోలు. ఆ వారం ఎదురైన చిక్కులను, వాటి మూలాలను, విరుగుడును కింద రాస్తున్నాను.

సమస్య: వాట్సాప్‌లో మనవాళ్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు

కారణం: నమోదు చేసుకోలేదంటూ నేపాల్ ప్రభుత్వం సెప్టెంబరు 4న 26 సామాజిక మాధ్యమాలను ఆపేసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఎక్స్‌తో పాటు వాట్సాప్ కూడా ఆ జాబితాలో ఉంది. 8వ తేదీన నిరసనకారులపై జరిగిన కాల్పుల్లో 19 మంది చనిపోయాక, ఆ రాత్రి నిషేధం ఎత్తేశారు. కాబట్టి ఆ రోజుల్లో వాట్సాప్ మౌనంగా ఉన్నంత మాత్రాన మనిషికి ఏదో అయిందని అర్థం కాదు.

పరిష్కారం: మామూలు ఫోన్ కాల్ చేయండి, సంక్షిప్త సందేశం పంపండి, హోటల్ ల్యాండ్‌లైన్‌కు ప్రయత్నించండి. ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకున్న సందేశాల యాప్ వైబర్ ఆ రోజుల్లో అక్కడ పనిచేస్తూనే ఉంది. ప్రయాణానికి ముందే రెండో దారి ఒకటి మాట్లాడుకుని ఉంచుకోవాలి.

సమస్య: ఒకే వీడియో పది ఖాతాల్లో కనిపిస్తోంది, ఎక్కడిదో ఎవరూ చెప్పరు

ఇది అన్నిటికన్నా పెద్ద చిక్కు, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. నిషేధం రోజుల్లో నేపాల్ యువతకు మిగిలిన పెద్ద వేదిక టిక్‌టాక్. మన దేశంలో అది 2020 జూన్ నుంచి లేదు. అంటే అక్కడి కుర్రవాడు కాఠ్‌మాండూలోని మైతీఘర్ కూడలిలో నిలబడి తీసిన అసలు వీడియో మన కంటపడే దారే లేదు. దాన్ని ఎవరో దించుకుని, పైనా కిందా కత్తిరించి, తమకు తోచిన వ్యాఖ్య తగిలించి ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఎక్స్‌లోనో పెడితే మనకు చేరింది. ఈ ప్రయాణంలో తేదీ, చోటు, తీసినవారి పేరు మూడూ రాలిపోయాయి.

ఏం చేయాలంటే, వీడియోను ఆపి అంచులు చూడండి. టిక్‌టాక్ గుర్తు కింద అసలు ఖాతా పేరు చాలాసార్లు మిగిలే ఉంటుంది. ఆ పేరుతో ఇతర వేదికల్లో వెతికితే మనిషి దొరకవచ్చు. దొరికితే అతని పాత పోస్టులు చదవండి. ఏళ్ల తరబడి తన ఊరి వానలు, బస్సులు, పరీక్షల గురించి రాసుకున్న ఖాతా, నిన్నమొన్న పుట్టి మంటలు తప్ప మరేమీ చూపించని ఖాతా కన్నా ఎన్నో రెట్లు నయం. అనుచరుల సంఖ్యను నేను అసలు లెక్కలోకి తీసుకోను.

తరువాత తేదీ. నేపాలీ పత్రికలు అక్కడి పంచాంగమైన విక్రమ సంవత్ వాడతాయి: 2025 సెప్టెంబరు 8 అంటే 2082 భదౌ 23. అంకెలు దేవనాగరిలో ఉంటాయి కనుక హిందీ వచ్చినవారు సులువుగా చదవగలరు. వీడియోలో కనిపించే పత్రిక కథనం మీద 2080 అని ఉంటే అది పాతది. వెతకడం కూడా దేవనాగరిలోనే చేయండి. విమానాశ్రయాన్ని అక్కడ విమానస్థల్ అంటారు, దారిని బాటో అంటారు, అగ్నిప్రమాదాన్ని ఆగలాగీ అంటారు. ఈ మాటలతో వెతికితే స్థానికులు తమలో తాము చెప్పుకుంటున్నది దొరుకుతుంది. ఇంగ్లీషులో వెతికితే బయటివాళ్ల వ్యాఖ్యానమే ఎక్కువగా ఎదురవుతుంది.

సమస్య: పశుపతినాథ్ ఆలయంపై దాడి అంటూ వీడియో వచ్చింది

అది ఒక జాతరకు సంబంధించిన దృశ్యమని, నిరసనలకు దానితో సంబంధం లేదని నిజనిర్ధారకులు తేల్చారు. ఇలాంటివి మన దేశంలో ఎందుకంత వేగంగా పాకుతాయంటే, ఆ గుడి మనకు ఆప్తమైనది. ఆప్తమైన పేరు వినగానే పరిశీలన పక్కకు పోతుంది. వీడియోలోని గోపురం, వాకిలి, చుట్టూ ఉన్న దుకాణాలను ఆలయం పాత ఫొటోలతో పోల్చండి. వీడియోను ఒకచోట ఆపి, ఆ దృశ్యాన్ని ఫొటోగా తీసి గూగుల్ లెన్స్‌లో వేయండి. నేపాల్ ఫ్యాక్ట్ చెక్ వంటి స్థానిక బృందాల పేజీ చూడండి. ఇంత చేయడానికి తీరిక లేకపోతే కనీసం ముందుకు పంపకండి.

సమస్య: పెద్ద పత్రికలన్నీ రాశాయి, అయినా తప్పని తేలింది

మాజీ ప్రధాని ఝలనాథ్ ఖనాల్ భార్య మంటల్లో చనిపోయారని 9వ తేదీన ప్రపంచమంతా రాసింది. నిజానికి అప్పుడు ఆమె తీవ్రంగా కాలి ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నారని, బతికే ఉన్నారని తర్వాత తేలింది. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు ఎత్తి రాసుకున్నారు కనుక, పది చోట్ల కనిపించిన ఆ వార్తకు పది ఆధారాలున్నాయని అనుకోకూడదు. మరణవార్త చదివినప్పుడు ఒక్క వాక్యం కోసం వెతకండి: ఎవరు చెప్పారు? ఆసుపత్రి పేరు, వైద్యుడి మాట, పోలీసు ప్రకటన ఏదీ లేకుండా 'సమాచారం' అని మాత్రమే ఉంటే ఆగండి. ఒక కుటుంబం బాధలో ఉన్నప్పుడు గంటసేపు ఓపిక పట్టడం మన బాధ్యత.

సమస్య: నమ్మిన పత్రిక సైటే తెరుచుకోవడం లేదు

కాంతిపూర్ మీడియా భవనానికి 9న నిప్పు పెట్టారు. దాంతో ఆ సంస్థ నడిపే ఇంగ్లీషు పత్రిక కాఠ్‌మాండూ పోస్ట్ సైటు ఆగిపోయింది. ఒకే పత్రికను నమ్ముకున్నవారికి ఆ గంటల్లో చీకటే. ఆన్‌లైన్‌ఖబర్, సేతోపాటీ, నేపాలీ టైమ్స్ లాంటి ఇతర నేపాల్ వార్తా సైట్లను ముందే గుర్తుపెట్టుకోండి. ఆ పత్రికల విలేకరుల సొంత ఖాతాలను ఎక్స్‌లో ఒక జాబితాగా చేసుకుంటే, కార్యాలయం కాలిపోయినా వాళ్లు వీధిలోంచి రాసేది మీకు అందుతుంది.

సమస్య: విమానాశ్రయం మూశారని ఒకరు, తెరిచారని ఒకరు

ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. కాఠ్‌మాండూలోని త్రిభువన్ విమానాశ్రయాన్ని 9న మూశారు, 10 సాయంత్రం తెరిచారు. మూశారన్న పోస్టు మాత్రం 11న కూడా తిరుగుతూనే ఉంది. ఇలాంటి సమాచారానికి గడువు ఉంటుంది, కాబట్టి పోస్టు వేళ చూడకుండా ఏమీ నిర్ణయించకండి. నేపాల్ గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందుంటుంది. కర్ఫ్యూ సడలింపు వేళలను అక్కడి లెక్కలోనే చదవాలి. 9 రాత్రి భద్రత సైన్యం చేతికి వెళ్లింది కనుక, ఆ తర్వాత ఆధారం నేపాలీ సైన్యం ప్రకటనే. మామూలు రోజుల్లో కర్ఫ్యూ ఆదేశం జిల్లా ప్రశాసన్ (పాలనా) కార్యాలయం ఇస్తుంది. విమానాల సంగతికి పౌర విమానయాన సంస్థ, మీ టికెట్ ఇచ్చిన విమాన సంస్థ, ఈ రెండే.

అల్లర్ల తర్వాత వచ్చిన తాత్కాలిక ప్రధాని విషయమూ ఇంతే. డిస్కార్డ్ అనే చర్చా వేదికలో యువత చర్చించిన పేర్లను నియామకాలుగా రాసేశారు. మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కీ ప్రధానిగా ప్రమాణం చేసింది 12న, రాష్ట్రపతి రామచంద్ర పౌడెల్ నియమించాకే.

సమస్య: సహాయ నంబర్ల బొమ్మ ఒకటి వచ్చింది, ఫోన్ చేయవచ్చా?

బొమ్మలోని నంబరును భారత రాయబార కార్యాలయం సొంత సైటులో ఉన్న నంబరుతో సరిపోల్చాకే చేయండి. ఢిల్లీలోని ఆంధ్రప్రదేశ్ భవన్, తెలంగాణ భవన్‌లను కూడా సంప్రదించండి. ఆ సెప్టెంబరు 11న ఆంధ్రప్రదేశ్ యాత్రికులు ప్రత్యేక విమానంలో విశాఖపట్నం, తిరుపతి చేరింది ఇలాంటి అధికారిక జాబితాల్లో పేర్లు ఉండటం వల్లే. పేరు, హోటల్, గది నంబరు, నడుస్తున్న ఫోన్ నంబరు అధికారులకు నేరుగా ఇవ్వండి. పాస్‌పోర్టు పేజీ ఫొటోను మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టకండి.