సంక్రాంతికి బరువు పెరిగిందా? ఆకుని కాదు, డబ్బాని చూడండి

నెలల తరబడి వాకింగ్ చేసి, రాత్రి అన్నం తగ్గించి నాలుగు కిలోలు దించుకున్నవాళ్లకు జనవరి వస్తుందంటేనే టెన్షన్. నాకూ వరుసగా మూడు సంక్రాంతులు అలాగే గడిచాయి. అసలు దెబ్బ ఎక్కడ తగులుతోందో తెలిశాక ఆ భయం పోయింది. మీ ఇంట్లో జరుగుతున్నది వీటిలో ఏదో చూసుకోండి.

సమస్య: ముక్కనుమ మర్నాడు కాటా ఎక్కితే రెండు కిలోలు ఎక్కువ చూపిస్తోంది

కారణం: అందులో చాలావరకు నీరే. పులిహోర, జంతికలు, ఊరగాయలు, కనుమ నాటి మాంసం కూర, వీటన్నిటితో ఉప్పు బాగా పోతుంది. ఆ ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. బియ్యప్పిండి, బెల్లం ఎక్కువగా తిన్నప్పుడు కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే పిండి పదార్థం) నిల్వ కూడా పెరుగుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు 3 గ్రాముల నీరు చేరుతుంది.

కొవ్వు లెక్క వేరు. కిలో కొవ్వు పెరగాలంటే ఒంటికి ఖర్చయ్యేదానికంటే సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి. మా వంటింటి కాటా మీద ఒక అరిసె 45 గ్రాములు తూగింది. అంటే దాదాపు 200 కేలరీలు. రెండు కిలోల కొవ్వంటే మామూలు తిండి పైన 75కు పైగా అరిసెలు. మూడు రోజుల్లో ఎవరు తినగలరు?

పరిష్కారం: వారం పాటు కాటా జోలికి వెళ్లకండి. ఉపవాసాలు వద్దు, మామూలు భోజనానికి వచ్చేయండి. తర్వాత ఒకరోజు పొద్దున్నే, ఏమీ తినకముందు చూసుకోండి.

సమస్య: మధ్యాహ్నం విందుందని పొద్దున టిఫిన్ మానేస్తే, ఆకు ముందు ఆగలేకపోతున్నారు

కారణం ఆకలే. ఇడ్లీయో, పెసరట్టో, రెండు గుడ్లో తిని కూర్చోండి. ఆకులో కూర, పప్పు, పెరుగు ముందు తింటే గారెలు రెండింటితో ఆగిపోవచ్చు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం పూట మానడం, తిండి బాగా తగ్గించడం డాక్టర్ని అడగకుండా చేయొద్దు. షుగర్ పడిపోతే ప్రమాదం.

సమస్య: "నా చేతి అరిసె తినవా అమ్మా?" అంటే కాదనలేకపోతున్నారు

కాదనక్కర్లేదు. పెద్దమ్మ తెల్లవారుజామున లేచి, పాకం పట్టి, రెండు గరిటెల మధ్య నూనె వత్తి తీసిన అరిసె అది. తీసుకోండి, ఆవిడ ఎదురుగానే కూర్చుని నెమ్మదిగా తినండి. గబగబా తిని ప్లేటు ఖాళీ చేస్తే ఇంకొకటి పడుతుంది. చివరి ముక్కని అందరూ లేచేదాకా ఉంచుకోండి. "చాలు పెద్దమ్మా, పాకం బాగా కుదిరింది" అంటే ఆవిడకి కావలసింది అదే. ఏడాదంతా షాపులో దొరికే మిక్స్‌చర్, కూల్‌డ్రింకులు మాత్రం మొహమాటం లేకుండా వద్దనేయండి.

సమస్య: పండగ వెళ్లి మూడు వారాలైంది, పెరిగిన బరువు దిగట్లేదు

అసలు జబ్బు ఇదే. నా మూడు సంక్రాంతులూ పోయింది ఇక్కడే.

కారణం: ఊరి నుంచి వచ్చేటప్పుడు కారు డిక్కీలో పెట్టిన స్టీలు డబ్బాలు. అమ్మ ఒకటి, అత్తయ్య ఒకటి. సాయంత్రం నాలుగింటికి టీ పెడతాం. డబ్బా గట్టు మీదే ఉంటుంది. మూత తీయగానే నెయ్యి, నువ్వుల వాసన. సగం తుంచుకుని నిలబడే తింటాం. టీ అయిపోయేలోపు మిగతా సగం, రాత్రి గిన్నెలు సర్దేటప్పుడు ఇంకొకటి. ఇది మనకి భోజనంలా అనిపించదు, కాబట్టి లెక్కలోకి రాదు. రోజుకి రెండు అరిసెలంటే 400 కేలరీలు. 20 రోజులకి 8,000. అంటే కిలో కొవ్వుకి సరిపడా.

పరిష్కారం: ఊళ్లోనే లెక్క చెప్పండి. "అమ్మా, మనిషికి ఆరు చొప్పున పెట్టు చాలు, మిగతావి తమ్ముడికి పంపు" అని ముందే అంటే ఆవిడ నొచ్చుకోదు. డబ్బా నింపాక వద్దంటేనే బాధ. ఇంటికి రాగానే పక్కింటికీ, వాచ్‌మన్ కుటుంబానికీ, ఆఫీసుకీ పంచేయండి. మిగిలినవాటిని గట్టు మీద నుంచి తీసి పై అరలో పెట్టండి. సకినాలైనా, జంతికలైనా ఇదే పద్ధతి. తినాలనిపించిన రోజు ఒకటి ప్లేటులో పెట్టుకుని, డబ్బా మూసి లోపల పెట్టి, కూర్చుని తినండి. ఆ రోజు టీలో చక్కెర, బిస్కెట్లు మానేయండి.

సమస్య: "ఎలాగూ పాడైంది, ఉగాది నుంచి చూద్దాం" అనిపిస్తోంది

కారణం: మామూలు రోజులకి వేసుకున్న ప్లాన్‌ని పండగ వారానికీ పెట్టుకోవడం. ఆ వారం బరువు తగ్గాలని చూడకండి, పెరగకుండా ఉంటే చాలు. భోజనం అయ్యాక పావుగంట ఊళ్లో నడవండి, పిల్లల్ని వెంటబెట్టుకుని వీధి ముగ్గులు చూస్తూ వెళ్తే నడిచినట్టే ఉండదు. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే, బట్టల బ్యాగు ఇంకా సర్దకపోయినా సరే, బూట్లు వేసుకుని బయటికి వెళ్లండి.