వానలు పడకముందే మీ ఊరి వాగునీ కల్వర్టునీ చూసి రావడం ఎలా?

ఏప్రిల్, మే నెలల్లో మన నల్గొండ, పాలమూరు వైపు వాగులు చాలావరకు ఎండిపోయి ఉంటాయి కాబట్టి దిగి చూడటానికి అదే మంచి టైం. టేపు, సుద్దముక్క, ఫోన్ చాలు. ఒంటరిగా పోకండి. వాగు పక్కన పొలం ఉన్న పెద్దమనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి, ఏ ఏడు నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో ఆయన చేత్తో చూపిస్తాడు.

ముందు వరద గుర్తులు వెతకాలి. కొమ్మలకు చుట్టుకున్న ఎండుగడ్డి, కవర్లు, వంతెన గోడ మీద బురద చార కనిపిస్తాయి. అవి రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిచి రాసుకోండి.

తర్వాత వాగు ఎంత, రోడ్డు కింద నీళ్లు పోయే దారి ఎంత అన్నది లెక్కేయండి. ఉదాహరణకు వాగు 8 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు ఉందనుకుందాం, అంటే 12 చదరపు మీటర్లు. రోడ్డు కింద 90 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సిమెంటు పైపులు మూడు వేశారు, ఆ మూడూ కలిపినా 2 చదరపు మీటర్లు కూడా కావు. వాగు నిండుగా వస్తే మిగతా నీళ్లు రోడ్డు మీద నుంచి పోవాల్సిందే. పైపులు సగం ఇసుకతో పూడి, మూతి దగ్గర సర్కారు తుమ్మ పెరిగితే ఆ దారి కూడా ఉండదు.

చాలామంది ఎగువ వైపే చూసి వచ్చేస్తారు, కానీ దెబ్బ తగిలేది ఎక్కువగా దిగువ వైపు. అక్కడ నీళ్లు దూకి గుంత పడిందా, పునాది రాళ్లు బయటపడ్డాయా, రోడ్డు అంచు కింద మట్టి కొట్టుకుపోయి డొల్లగా ఉందా చూడండి. వంతెన దగ్గర ఇసుక తోడితే వాగు అడుగు కిందికి దిగి పునాది బయటపడుతుంది, అది కనిపిస్తే తప్పకుండా ఫోటో తీయండి.

ఇక అసలు విషయం, పైన ఉన్న చెరువులు. మనవి గొలుసుకట్టు చెరువులు, ఒకటి తెగితే ఆ నీళ్లన్నీ కిందిదాని మీద పడతాయి. 2005 అక్టోబర్ 29న అప్పటి నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర ఎగువన చెరువు తెగి రైలు పట్టాల కింద చిన్న వంతెన కొట్టుకుపోయింది, డెల్టా ప్యాసింజర్ రైలు పడిపోయి వంద మందికి పైగా చనిపోయారు. వంతెన ఒక్కటే చూస్తే ఈ ప్రమాదం కనపడదు. అందుకే పైకి నడిచి వెళ్లి కట్ట మీద నెర్రెలు, చెట్ల వేర్లు, తూము (పొలాలకు నీళ్లు వదిలే చోటు) దగ్గర ఊట ఉన్నాయా, మత్తడికి (చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు, అలుగు) ఎవరైనా అడ్డం పెట్టారా, మత్తడి కాలువ పొలాల్లో కలిసిపోయిందా అన్నది చూడాలి.

కల్వర్టు గోడ మీద అడుగుకో గీత పెయింటు వేయించండి, నీళ్లు పారుతుంటే లోతు దూరం నుంచే తెలుస్తుంది. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తోసేయగలదు, బైకు సంగతి చెప్పక్కర్లేదు. మీ దగ్గర వాన లేకపోయినా ఎగువన పడితే వాగు వస్తుంది.

కొలతలు, ఫోటోలు, తేదీ ఒక కాగితం మీద పెట్టి పంచాయతీలో ఒక కాపీ, సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. వానాకాలం అయ్యాక నీళ్లు పూర్తిగా దిగిన తర్వాత అదే చోట నిలబడి మళ్లీ ఫోటోలు తీయండి, గుంత ఎంత పెరిగిందో పాత ఫోటో పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.