పిల్లల ఎదుగుదలలో తేడా ఉందేమో ఇంట్లో ఎలా గమనించాలి?

ఇంట్లో కూర్చుని ఆటిజం ఉందో లేదో తేల్చేయడం ఎవరి వల్లా కాదు. కానీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిన పిల్లాడా కాదా అన్నది ఇంట్లోనే తెలుస్తుంది, అదీ చాలా చిన్న వయసులోనే. మరి ఎందుకు తెలియట్లేదంటే, చూడమంటే మనవాళ్లు పరీక్ష పెడతారు. "కాకి ఏదమ్మా, ముక్కు ఏదమ్మా, ఏబీసీడీ చెప్పు, అంకుల్‌కి నమస్తే పెట్టు" అంటారు, వాడు గడగడా అప్పజెబుతాడు, అందరూ హమ్మయ్య అనుకుంటారు, ఇంకో ఏడాది పోతుంది. ఎదుగుదల కేంద్రంలో తల్లిదండ్రులతో మొదట కూర్చుని మాట్లాడేది నేనే కాబట్టి ఆ పోయిన ఏడాది కథ వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావాల్సినవి

ఒక నోటుపుస్తకం, పెన్ను, పుట్టినప్పుడు ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు, రెండు వారాల ఓపిక. నోటుపుస్తకం అంటే కాగితం పుస్తకమే, ఫోన్‌లో రాయకూడదు. ఫోన్ బయటికి తీశారంటే పిల్లాడు వచ్చి లాక్కుంటాడు, లేదా మీరే వాట్సాప్‌లోకి వెళ్లిపోతారు. అందులో అభిప్రాయాలు కాదు, జరిగింది రాయండి. "మొండివాడు" అని రాస్తే నాకు ఎందుకూ పనికిరాదు. "పాత చెప్పులు తీసి కొత్తవి వేస్తే ముప్పావుగంట ఏడ్చాడు, ఎత్తుకున్నా ఊరుకోలేదు" అని రాస్తే బోలెడంత పనికొస్తుంది.

1. వయసు లెక్క

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలైతే రెండేళ్లు వచ్చేదాకా ఎన్ని వారాలు ముందు పుట్టారో అన్నీ తీసేసి లెక్కేయండి. తర్వాత ఇవి చూడండి: ఏడాదికి "బబ్బబ్బ, తత్తత్త" లాంటి శబ్దాలు లేవా, టాటా చెప్పడం, చెయ్యి చూపించడం లాంటి సైగలు లేవా, 16 నెలలకి ఒక్క మాటా లేదా, 18 నెలలకి నడక లేదా, 24 నెలలకి "తాత వచ్చాడు" లాంటి రెండు మాటలు తనంతట తాను కలపట్లేదా. వీటిలో ఒక్కదానికైనా జవాబు "లేదు" అయితే రెండు వారాలు ఆగక్కర్లేదు, అపాయింట్‌మెంట్ తీసుకుని ఈలోగా గమనించండి. ఏ వయసులోనైనా సరే, వచ్చిన మాటలు పోయినా, నవ్వడం, చూడటం తగ్గిపోయినా ఆ వారంలోనే వెళ్లాలి.

2. చెవులు

పేరు పిలిస్తే పలకట్లేదంటే ముందు వినికిడి పరీక్ష. "వెనక పళ్లెం కొట్టి చూశాం, ఉలిక్కిపడ్డాడు" అంటారు. పళ్లెం మోత వినపడేవాడికి "స", "ష" లాంటి సన్నటి శబ్దాలు వినపడకపోవచ్చు. బేరా అనే వినికిడి పరీక్ష చిన్నపిల్లలకి మామూలుగా నిద్రలో చేస్తారు, నొప్పి ఉండదు. టీవీలో ప్రకటన రాగానే పక్కగదిలోంచి పరిగెత్తుకొస్తాడు కాబట్టి వినికిడి బాగానే ఉందని మీరనుకోవచ్చు, అయినా చేయించండి. మాటలు ఆలస్యమైన పిల్లల్ని నేను ఆ రిపోర్టు లేకుండా చూడను.

3. పేరు, వేలు, చూపు

అసలు పనంతా ఇక్కడే ఉంది, చెడగొట్టేదీ ఇక్కడే.

ముందు పేరు. ఎదురుగా నిలబడి చేతులు చాపి కళ్లు పెద్దవి చేసి "చిన్నూ!" అంటే చూడక ఏం చేస్తాడు? అప్పుడు వాడు చూసేది కదిలే మనిషిని, పేరుకి పలికినట్టు కాదు. టీవీ ఆపేయండి. పిల్లాడు నేలమీద కూర్చుని ఏదో ఆడుకుంటూ ఉండాలి, కడుపు నిండి ఉండాలి, జలుబూ జ్వరం ఉండకూడదు. మీరు నాలుగైదు అడుగులు వెనగ్గానో పక్కగానో ఉండి మామూలు గొంతుతో పిలవండి. ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరుతోనే. జనన ధ్రువపత్రంలో ఉన్న నాలుగక్షరాల సంస్కృతం పేరు వాడు జన్మలో విని ఉండడు. అమ్మ ఒక ముద్దుపేరు, నానమ్మ ఇంకోటి, అత్త మరోటి వాడే ఇళ్లు చాలా ఉన్నాయి, ఈ రెండు వారాలు అందరూ ఒకే పేరు వాడండి. ఒకసారి పిలిచి, మనసులో ఐదు లెక్కపెట్టి, మళ్లీ. మూడోసారి ఆఖరు. చప్పట్లు కొట్టొద్దు, భుజం తట్టొద్దు, చాక్లెట్ కాగితం గలగలలాడించొద్దు. రోజుకి ఒకసారి చాలు. ఇరవైసార్లు పిలిస్తే ఎవరికైనా ఆ పేరు చెవికెక్కదు.

రాయడం ఇలా: "మంగళవారం, స్నానం అయ్యాక, కార్లతో ఆడుతున్నాడు, మూడు పిలుపుల్లో ఒకదానికి తిరిగాడు, మొహం వైపు చూడలేదు." మొహం చూశాడా లేదా అన్నది తప్పకుండా ఉండాలి.

తర్వాత చూపుడువేలు. నాకు మాటల కంటే ఇదే ముఖ్యం, ఎవరేమన్నా సరే. పిల్లలు రెండు రకాలుగా వేలు చూపిస్తారు. బిస్కెట్ డబ్బా వైపు చూపించి అడగడం ఒకటి. గోడమీద కాకి వాలితే "అదిగో!" అన్నట్టు వేలు చూపించి, వెంటనే వెనక్కి తిరిగి అమ్మ చూసిందా లేదా అని అమ్మ మొహంలోకి చూడటం రెండోది. కాకి వాడికి అక్కర్లేదు, అమ్మ కూడా చూడాలి, అంతే. ఏడాదిన్నర పిల్లాడిలో నేను వెతికేది ఈ రెండోదే. కాకి, వేలు, అమ్మ మొహం, మూడూ ఒకదాని వెంట ఒకటి రావాలి.

కొంతమంది పిల్లలు వేలు చూపించరు. మీ మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి మీ చేతిని తీసి తలుపు మీద పెడతారు, మీ మొహం మాత్రం చూడరు. ఇంట్లోవాళ్లు దీన్ని తెలివి కింద జమ కడతారు. తెలివే, కాదనను. కానీ నోటుపుస్తకంలో మొదటి పేజీలో ఉండాల్సింది అదే.

తిరగేసి కూడా చూడండి. గదికి అవతలి చివరున్న ఫ్యాన్‌నో క్యాలెండర్‌నో మీరు వేలితో చూపించి "అది చూడు" అనండి. వాడు క్యాలెండర్ వైపు తల తిప్పుతాడా, మీ వేలినే చూస్తూ ఉంటాడా, అసలు పట్టించుకోడా? తర్వాత ఉత్తుత్తి ఆట. బొమ్మకి అన్నం ముద్ద పెట్టడం, టీవీ రిమోట్ చెవిదగ్గర పెట్టుకుని హలో అనడం లాంటివి ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య కనిపించాలి. కారుని నడపకుండా తిరగేసి చక్రం తిప్పుతూ అరగంట కూర్చుంటే రాయండి. అన్ని కార్లనీ వరసలో పెట్టి, మీరు ఒకటి జరిపితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడిస్తే రాయండి.

నేర్పించి పరీక్షించొద్దు. పిల్లాడు వేలు చూపించట్లేదని ఎక్కడో చదివి, వారం రోజులు వేలు పట్టుకుని చూపించడం నేర్పి, ఎనిమిదోరోజు "వచ్చేసింది" అనుకునేవాళ్లున్నారు. నేర్పడం మంచిదే, తర్వాత మేమూ చేసేది అదే. కానీ గమనించే రెండు వారాల్లో వద్దు. మేం చూసేది తనంతట తాను చేస్తున్నాడా అని.

మాటల విషయంలోనూ ఇదే మోసం. ఫోన్‌లో చూసిన ఇంగ్లీషు పాటలు అమెరికా యాసలో పాడేస్తాడు, వందదాకా అంకెలు చెప్తాడు, కానీ దాహమేస్తే నీళ్లు అడగలేడు. "పాలు కావాలా?" అంటే "పాలు కావాలా?" అని తిరిగి మననే అడుగుతాడు. ఎన్ని మాటలు వచ్చు అని లెక్కపెట్టకండి, వాటితో ఏం చేస్తున్నాడో చూడండి.

ఇంకో జాగ్రత్త. రీల్స్ చూసి వచ్చేవాళ్లు ఒక్క గుర్తు పట్టుకుని రాత్రంతా ఏడుస్తారు. మునివేళ్లమీద నడవడం, కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకోవడం, పెరుగన్నం తప్ప ఏదీ తినకపోవడం, సంతోషం వస్తే చేతులు ఆడించడం లాంటివి ఒక్కొక్కటిగా ఏ తేడా లేని పిల్లల్లోనూ ఉంటాయి. పేరు, వేలు, చూపు బాగుండి ఇవి ఉంటే టెన్షన్ పడకండి. ఆ మూడూ తక్కువై వీటిలో రెండో మూడో కూడా ఉంటే వెళ్లండి.

16 నుంచి 30 నెలల లోపు పిల్లలకి ఆటిజం అనుమానం ఉందేమో చూసే ఎం-చాట్-ఆర్ అని 20 ప్రశ్నల పట్టిక ఉంది, ఉచితమే. స్కోరు 3 గానీ, ఆపైన గానీ వస్తే డాక్టర్‌కి చూపించాలి. 8, ఆపైన వస్తే అసలు ఆగకూడదు. దాన్ని కూడా చెడగొడతారు. ఎప్పుడో ఒకటి రెండుసార్లు చేసింది, మామూలుగా చేయనిది అయితే "లేదు" అనే పెట్టాలని ఆ పట్టికలోనే ఉంటుంది. మనవాళ్లు మాత్రం సంక్రాంతికి ఒకసారి చేశాడని "అవును" పెడతారు.

4. బడికెళ్లే పిల్లలు

ఇది త్వరగా చెప్తాను. అల్లరి వేరు, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, ఒక్కచోట కుదురుగా ఉండలేకపోవడం) వేరు. ఆర్నెల్లకు పైగా ఉండాలి, ఒక్కచోట కాకుండా ఇంట్లోనూ బళ్లోనూ ఉండాలి, 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. బళ్లో మాత్రమే అల్లరైతే ముందు బడిని చూడండి. గెంతుతూ తిరిగే మగపిల్లాడిని అందరూ పట్టుకుంటారు, కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లని మాత్రం బుద్ధిమంతురాలు అంటారు. ఆ పిల్ల నోటుపుస్తకంలో సగం పాఠం దింపి వదిలేసిన పేజీలు ఎన్నున్నాయో చూడండి.

చదువులో ఇబ్బందికి ముందు కళ్ల పరీక్ష. అద్దాల సమస్య కాదని తేలాక పిల్లాడి తెలుగు నోట్సు తెరవండి. మూడో తరగతికి వచ్చినా మ, య తేడా తెలియకపోవడం, దీర్ఘాలు, వత్తులు మింగేయడం, నోటితో అడిగితే చక్కగా చెప్పిన జవాబు రాయమంటే మూడు లైన్లకి ఆగిపోవడం, ఇవి ఏడాదంతా కనిపిస్తే బద్ధకం అనకండి. చదువుకి సంబంధించిన ఇబ్బందిని ఎనిమిదేళ్ల వయసు దగ్గర పడ్డాకే గట్టిగా చెప్పగలుగుతారు, కాబట్టి యూకేజీ పిల్లకి డిస్లెక్సియా అని ఎవరైనా కాగితం రాసిస్తే నమ్మొద్దు.

5. ఆపేవాళ్ల మాటలు

"వాళ్ల మామయ్యకి ఐదేళ్లకి వచ్చాయి మాటలు." ఆ మామయ్య వేలు చూపించేవాడా, పిలిస్తే పలికేవాడా అని అడగండి, ఎవరికీ గుర్తుండదు. వస అరగదీసి నాకిస్తే మాటలొస్తాయంటారు. మాటలు రావు గానీ పసివాళ్లకి వాంతులు పట్టుకుంటాయి, వద్దు. టీకాల వల్ల అంటారు. ఆ మాట పుట్టించిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లు ఇంట్లో తెలుగు, బయట ఇంకో భాష కాబట్టి మాట రాలేదంటారు. రెండు భాషలు వినడం వల్ల ఇవేవీ రావు, దయచేసి తెలుగు మానేయకండి, అమ్మ ఏ భాషలో హాయిగా మాట్లాడగలదో ఆ భాషలోనే మాట్లాడాలి. ఫోన్ సంగతంటారా, రెండేళ్ల లోపు అసలు వద్దు, తర్వాతా బాగా తగ్గించండి. కానీ "మూడు నెలలు ఫోన్ ఆపి చూద్దాం, తర్వాత వెళ్దాం" అనే బేరం మాత్రం పెట్టకండి. ఫోన్ ఈరోజే ఆపండి, అపాయింట్‌మెంటూ ఈరోజే తీసుకోండి.

ఇది ఎక్కడో ఒకరికి ఉండేదీ కాదు. హైదరాబాద్‌తో సహా దేశంలో ఐదుచోట్ల చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, వినికిడి లోపం, మూర్ఛలాంటివి కూడా కలుపుకుని, రెండు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల్లో 9.2 శాతానికి, ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లలో 13.6 శాతానికి ఇలాంటి ఏదో ఒక ఇబ్బంది కనిపించింది.

6. వెళ్లడం

ఎదుగుదల చూసే పిల్లల డాక్టర్ దొరికితే సరే. లేకపోతే అంగన్‌వాడీలో అడగండి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. బడి వయసు పిల్లలకి మండలంలో భవిత కేంద్రం ఉందేమో కనుక్కోండి. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకి రెండు రాష్ట్రాల నుంచీ వస్తారు. ఆటిజం ఎంత ఉందో కొలిచి సర్టిఫికెట్ ఇవ్వడానికి వాడే 40 అంశాల పట్టిక అక్కడ తయారైందే.

పిల్లాడిని రోజూ చూసుకునే మనిషి తప్పకుండా రావాలి, అది నానమ్మ అయితే నానమ్మే. నాన్న ఒక్కడే వచ్చి "ఏమో సార్, వాళ్లమ్మకి తెలుసు" అంటే ఆ రోజు వృథా. వాడి ముందు కూర్చుని వాడి లోపాలు ఏకరువు పెట్టకండి, మాట రాని పిల్లలకి కూడా అర్థమవుతుంది. ఒకటి రెండు వీడియోలు, అరనిమిషం చొప్పున, వాడికి తెలియకుండా తీసినవి తెండి. డాక్టర్ రెండు నిమిషాలు చూసి "పెద్దయ్యాక సర్దుకుంటుంది" అంటే లేచి రాకండి, నోటుపుస్తకం తెరిచి తేదీలు చూపించి, ఎదుగుదల పరీక్ష ఎక్కడ చేస్తారో రాసివ్వమని అడగండి. సమస్య పేరేంటో తేలేదాకా ఆగకుండా మాటల థెరపీ మొదలుపెట్టొచ్చు, మొదలుపెట్టాలి కూడా.

నోటుపుస్తకం మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్స్ ఇవ్వండి. మూడు నెలల తర్వాత అదే పేరు, అదే వేలు మళ్లీ చూసి తేదీ వేసి రాయాల్సింది అందులోనే.