హార్డ్‌వేర్‌ను నేరుగా వాడే ప్రోగ్రామ్ నడిపే ముందు జాగ్రత్తలు

ఫ్యాన్ స్పీడ్ మార్చే టూలో, బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఫ్లాష్ చేసే, అంటే దాన్ని కొత్తగా రాసే టూలో "సెక్యూరిటీ ఆపండి" అని అడగగానే ఆపేయకండి.

• ముందు బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే సదుపాయం) రికవరీ కీ, అంటే 48 అంకెల సంఖ్య, వేరేచోట భద్రపరచండి. సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే రక్షణ) సెట్టింగ్ మారిస్తే తర్వాతి బూట్‌లో ఆ 48 అంకెలూ అడగవచ్చు. అప్పుడు వెతుక్కోవాలంటే మహా టెన్షన్.

• టూల్ ఏ డ్రైవర్ (హార్డ్‌వేర్‌తో మాట్లాడే ప్రోగ్రామ్) వాడుతోందో చూడండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఉదాహరణకు విన్‌రింగ్0 డ్రైవర్ 1.2.0 వెర్షన్‌లో 2020లో బయటపడ్డ లోపంతో, మామూలు యూజర్ కూడా సిస్టమ్ స్థాయి హక్కులు (కంప్యూటర్‌పై దాదాపు పూర్తి అధికారం) సంపాదించగలడు. అలాంటిదాన్ని విండోస్ అడ్డుకుంటే మంచిదే. కొత్త డ్రైవర్‌తో వచ్చిన వెర్షన్ ఉందేమో వెతకండి.

• లినక్స్‌లో సీరియల్ పోర్ట్ "పర్మిషన్ డినైడ్" అంటే మొత్తం ప్రోగ్రామ్‌ను సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడపక్కర్లేదు. డెబియన్, ఉబుంటుల్లో సాధారణంగా మీ యూజర్‌ను సీరియల్ పోర్ట్ వాడే అనుమతి ఉన్న డయలవుట్ (dialout) గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే చాలు. వేరే యూఎస్‌బీ పరికరమైతే దానికొక్కదానికే యుడెవ్ (udev) రూల్, అంటే పరికరానికి అనుమతి ఇచ్చే లినక్స్ నియమం, రాయండి.

• మెమరీ ఇంటిగ్రిటీ (హానికర కోడ్ విండోస్ లోపలికి చొరబడకుండా కాపాడే రక్షణ) ఆపక తప్పదంటే, ఆపి ఉన్నంతసేపూ కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయొద్దు. పని కాగానే ఆన్ చేసి రీస్టార్ట్ చేయండి.

• టూల్ తీసేసినా డ్రైవర్ మిగిలిపోవచ్చు. అదీ తొలగించండి.