ఆన్‌లైన్ గ్రూపు అసెస్‌మెంట్ మొదలుపెట్టే ముందు

ఒడిశాలో బరంపురం, గుణుపురం, రాయగడ వైపు డిగ్రీ, పీజీ చదివే మన తెలుగు పిల్లల కోసం.

- ఎవరి జీమెయిల్‌తో వాళ్లే గూగుల్ డాక్స్ తెరవండి. గ్రూపులో ముగ్గురూ ఒకే ఫోన్‌లో, ఒకే జీమెయిల్‌తో టైప్ చేస్తే వెర్షన్ హిస్టరీలో (ఎవరు ఏం రాశారో చూపేచోట) ఒక్కరి పేరే కనిపిస్తుంది. మిగతా ఇద్దరి కష్టం సార్‌కి ఎలా తెలుస్తుంది?
- డీటీపీలో వాడే అనూ ఫాంట్లలో కొట్టిన తెలుగు అతికిస్తే పిచ్చి గుర్తులొస్తాయి. యూనికోడ్‌లోనే (ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) కొట్టండి.
- తోటివాళ్ల జవాబు దిద్దే ముందు దేనికెన్ని మార్కులో అందరూ కలిసి చదవండి. "బాగుంది" అని వదిలేయకండి, ఏ పేరాలో ఏం తక్కువైందో రాయండి. ఒడియా మీడియం నుంచి వచ్చిన స్నేహితుడి ఇంగ్లిష్ తడబాటుకు మార్కులు కోయకండి, విషయం చూడండి. ఆ ఇబ్బంది మనమూ పడ్డాం కదా.
- వానాకాలం కరెంటును నమ్మి చివరి రాత్రిదాకా ఆగొద్దు.